ఎంటర్ నొక్కితే ఎక్కడికి పోతుంది

స్క్రీన్లు తయారుచేసే కుర్రవాళ్ళు ఎవరైనా కలిస్తే నేను మొదట అడిగేది ఒకటే. "మీ స్క్రీను మీద ఎంటర్ నొక్కితే ఏమవుతుంది?" చాలామంది నవ్వి ఊరుకుంటారు. రిటైరైన ముసలాయన ఇంకా కీబోర్డు దగ్గరే ఆగిపోయాడు అనుకుంటారు కాబోలు. అనుకోనివ్వండి. ఆ ఒక్క మీట విషయంలో నేను చేసిన పని వల్ల ఒక అమ్మాయి ఉద్యోగానికి మచ్చ వచ్చింది. నాకు ఎంతో ఇష్టమైన మనిషి నాకు దూరమైంది. ఎవరి పేర్లూ చెప్పను, చెప్పాల్సిన తప్పు నాది కాబట్టి వాటి అవసరం కూడా లేదు.

తొంభైల మొదట్లో మా కంపెనీ అంటే బెంగళూరు కాటన్‌పేటలో అగరుబత్తీల గోడౌను మీద రెండు గదులు, ఏడుగురు మనుషులు. ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళం. రోగి పేరు రాసుకోవడం, వార్డులో చేర్చుకోవడం, మందులు, ల్యాబు, అంతా నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. కింది నుంచి వచ్చే వాసన మా చొక్కాలకు పట్టేది. సాయంత్రం ఇంటికి వెళ్తే మా అమ్మ "యా దేవస్థానానికి పోయొచ్చినావురా?" అని అడిగేది. మేము ఆ పేటలో నాలుగు తరాలుగా ఉన్న తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. నాకు డిప్లొమా చదువు, తెలుగు అక్షరం ముక్క రాదు.

మేమంతా అక్క అని పిలిచిన మనిషి మా దగ్గర చేరింది అక్కడే. నాకంటే పదేళ్ళు పెద్ద. గుంటూరు పక్క ఒక మిషన్ ఆసుపత్రిలో పన్నెండేళ్ళు వార్డు నర్సుగా చేసింది. నడుం నొప్పి వచ్చి రోగుల్ని లేపే పని ఇక చేయలేక, భర్తకు ఇక్కడ చర్చి బడిలో టీచరు ఉద్యోగం దొరికితే ఆయనతో బెంగళూరు వచ్చేసింది. మేము చేసిన స్క్రీన్లను పరీక్షించడం, తర్వాత ఆసుపత్రులకు వెళ్ళి నర్సులకు నేర్పడం ఆమె పని. నర్సమ్మకు కంప్యూటర్ కంపెనీలో ఏం పని అని మొదటి వారం మేమంతా గుసగుసలాడుకున్నాం. రెండో వారానికి ఆమె ఒప్పుకోకుండా ఒక్క స్క్రీను కూడా ఆ మెట్లు దిగడం లేదు.

మొదటిసారి నేను చేసిన స్క్రీను చూపించి "అంతా సరిగ్గా ఉండాదక్కా" అన్నాను. ఆమె నవ్వింది.

"ఉండాది ఏంది అబ్బాయ్?"

"మా పక్క అట్లే అంటాము."

"సరే, అను. ఆ కుర్చీలో కూర్చో. నువ్వు పేషెంటువి. ఎక్కడ నొప్పో చెప్పు."

ఇది ఆమె పద్ధతి. ఎదురుగా ఒకర్ని రోగిగా కూర్చోబెట్టేది. పేరు, వయసు, ఏ మందు పడదు, ఇలా అన్నీ అడుగుతూ, వాళ్ళ ముఖమే చూస్తూ చేతులతో కొట్టుకుపోయేది. ఒక్కసారి తెర వైపు చూడాల్సి వచ్చినా ఆ స్క్రీను ఫెయిలు. "నొప్పితో వచ్చినోడు నా నెత్తి చూస్తా కూర్చోకూడదు. నేను వాడి మొహం చూడాలి. మనిషి అబద్ధం చెప్తున్నాడా, భయపడుతున్నాడా, ఊపిరి ఎట్టా తీస్తున్నాడు, ఇవన్నీ పెట్టెలో కనపడవు" అనేది. నా మొదటి స్క్రీను ఆమె చేతిలో తొమ్మిదిసార్లు ఫెయిలైంది.

ఆ పరీక్ష నిలబడాలంటే ఏ స్క్రీనులోనైనా మీటలు ఒకేలా పనిచేయాలి. అందుకని గోడకు ఒక కాగితం అంటించింది. ఎంటర్ కొడితే పక్క గడిలోకి. ఎఫ్ టూ కొడితే దాచుకుంటుంది. ఎస్కేప్ కొడితే వెనక్కి. ఏ వార్డైనా, ఏ ఊరైనా ఇంతే. నర్సులకు రెండు రోజుల్లో వచ్చేసేది. మూడో రోజు నుంచి వాళ్ళూ రోగి ముఖం చూస్తూనే కొట్టేవారు. చూడటానికి ముచ్చటగా ఉండేది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆమె తన పాటల పుస్తకం తెరిచి నాకు తెలుగు అక్షరాలు దిద్దించేది. కన్నడం వచ్చిన వాడివి, నెల చాలు అంది. నాకు నాలుగు నెలలు పట్టింది. ఇవాళ మీరు చదువుతున్న ఈ నాలుగు ముక్కలు ఆ గదిలో నేర్చుకున్నవే. ఆ రెండు గదుల మీద నాకు ఇప్పటికీ బెంగ. తర్వాత మహదేవపుర ఆఫీసులో ఏసీ గదిలో పన్నెండేళ్ళు కూర్చున్నాను గానీ ఆ గది ఒక్కసారి కూడా కలలోకి రాలేదు. ఈ గోడౌను మెట్లు మాత్రం వస్తాయి.

తొంభైల చివర రెండు మార్పులు ఒకేసారి వచ్చాయి. రెండువేల సంవత్సరం వస్తే పాత కంప్యూటర్లు ఆగిపోతాయని ఊరంతా హడావుడి. ఆసుపత్రులన్నీ కొత్త పెట్టెలు కొన్నాయి, వాటిలో రంగుల కిటికీలు, మౌసు. అదే సమయంలో ఒక పెద్ద కంపెనీ మమ్మల్ని కొనేసింది. కాటన్‌పేట నుంచి రింగ్ రోడ్డు మీది మహదేవపురకు మారాం. మంచి మంచి కాలేజీల నుంచి పాతికమంది కుర్రవాళ్ళు చేరారు. హైదరాబాదు నుంచి ఒక మేనేజరు వచ్చాడు. పాతవాడినని నన్ను టీము లీడరుగా కూర్చోబెట్టారు, ఖాయం మాత్రం చేయలేదు.

కొత్త సిస్టమ్‌లో ఎంటర్ అంటే వేరు. ఒక గడి నుంచి ఇంకొక గడికి పోవాలంటే ట్యాబ్ మీట. ఎంటర్ నొక్కితే కింద ఉన్న సేవ్ బటన్ నొక్కినట్టే, కిటికీ మూసుకుంటుంది. సిస్టమ్ చేసినవాళ్ళు రాసిన లావుపాటి పుస్తకంలో అలాగే ఉంది. కుర్రవాళ్ళు ఆ పుస్తకాన్ని కళ్ళకు అద్దుకునేవారు.

అక్క ఆ పుస్తకంతో పోట్లాడలేదు. రెండు రోజులు సిస్టమ్‌తో పాటు వచ్చిన ప్రోగ్రాములన్నీ ఒక్కొక్కటే తెరిచి, మీటలు నొక్కి, చిన్న నోటుపుస్తకంలో రాసుకుంది. మూడో రోజు మీటింగులో చదివింది.

"లెక్కల పట్టీలో ఎంటర్ కొడితే కింది గడిలోకి పోతుంది. ఉత్తరం రాసే దాంట్లో కొడితే కొత్త లైను. ప్రింటు పెట్టెలో కొడితే కాగితం బయటికి వచ్చేస్తుంది. ఎస్కేప్ కొడితే ఒక పెట్టె మూసుకుంటుంది, ఇంకోటి ఉలకదు. మూలనున్న ఇంటూ గుర్తు నొక్కితే ఒకటి అడిగి మూస్తుంది, ఒకటి అడక్కుండా మూస్తుంది, ఇంకోటి మూసుకున్నట్టే ఉండి కింద గడియారం పక్కన దాక్కుంటుంది. ఇదంతా ఒక్క కంపెనీ చేసిందేనా?"

"ఒక్క కంపెనీనే అక్కా" అన్నాను.

"ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోరా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మేనేజరు మాత్రం వాచీ చూసుకుని, "మార్కెట్‌లో ఎవ్రీబడీ ఇదే ఫాలో అవుతున్నారండీ. మనం ఒక్కళ్ళం డిఫరెంట్‌గా ఉంటే కస్టమర్ ఒప్పుకోడు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి నిర్ణయం మీదే అన్నాడు.

నేను తెలివైన పని చేశాననుకున్నాను. పాతవాళ్ళు ఎక్కువగా వాడే రిజిస్ట్రేషన్ స్క్రీన్లలో ఎంటర్ పాత పద్ధతిలోనే పక్క గడికి పోతుంది. కుర్రవాళ్ళు కొత్తగా చేసిన వార్డు స్క్రీన్లలో పుస్తకం ప్రకారం సేవ్ అవుతుంది. అటు వీళ్ళకూ ఇటు వాళ్ళకూ సగం సగం పంచిపెట్టాను. నా జీవితంలో నేను చేసిన అన్నిటికంటే మొద్దు పని అది.

వార్డు స్క్రీను పరీక్షకు వచ్చినప్పుడు అక్క ఒక కుర్రవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి కొట్టింది. పేరు, ఎంటర్. కిటికీ మూసుకుంది. ఆమె చేతులు అలవాటు కొద్దీ ఇంకా కొడుతూనే ఉన్నాయి. ఆ అక్షరాలు ఎక్కడా పడలేదు. పరీక్ష కాగితం మీద ఇలా రాసింది: "ముఖం చూస్తూ కొడితే మందు పడదు అనే గడి ఖాళీగా పోతోంది. ఈ స్క్రీను వార్డుకు పంపవద్దు." కాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

"ఒకే బల్ల మీద రెండు స్క్రీన్లూ ఉంటాయి అబ్బాయ్. పొద్దున ఇక్కడ చేరుస్తుంది, పది నిమిషాలకి అక్కడ రాస్తుంది. చెయ్యి ఒకటే కదా."

"స్టాండర్డ్ అట్లుండాదక్కా. నేనేం చేసేది? అలవాటు అయిపోతుంది."

"ఎన్నాళ్ళకి అవుతుంది? ఈలోపు వచ్చే పేషెంట్ల సంగతేంది?"

నిజం చెప్పాలంటే ఆమె మాట నాకు అర్థమైంది. కానీ ఆ కుర్రవాళ్ళ ముందు, డిప్లొమా వాడు, ఉండాది అనేవాడు, ఒక నర్సమ్మ మాట విని పుస్తకాన్ని పక్కన పెట్టాడని అనిపించుకోవడానికి సిగ్గేసింది. పైగా ఉద్యోగం ఖాయం కావలసి ఉంది. ఆమె రాసిన దాని కింద "గమనించాం, తర్వాతి వెర్షన్‌లో చూద్దాం" అని రాసి సంతకం పెట్టాను. స్క్రీను వార్డులకు వెళ్ళిపోయింది.

ఊళ్ళోని ఒక పాత ఆసుపత్రిలో అది పెట్టిన ఇరవై రోజులకు ఫోన్ వచ్చింది. వార్డులో చేరిన ఒక రిటైర్డ్ బస్సు కండక్టరుకు సల్ఫా మాత్రలు ఇచ్చారు. ఆయనకు సల్ఫా పడదు. రెండో మాత్రకే ఒళ్ళంతా దద్దుర్లు లేచి, పెదాలు వాచి, ఊపిరి అందలేదు. డాక్టర్లు పరుగెత్తి కాపాడారు. రెండు రోజులు ఐసీయూలో ఉండి బయటపడ్డాడు. కేసు షీటులో మందు పడదన్న లైనే లేదు. ఆ పెద్దాయన మాత్రం చేరేటప్పుడే సిస్టరుకు చెప్పానని ఒట్టేశాడు.

చేర్చుకున్నది కోలారు పక్క అమ్మాయి. పాత స్క్రీన్ల మీద అయిదేళ్ళ అనుభవం. అక్క దగ్గర నేర్చుకున్నవాళ్ళలో అందరికంటే చురుకైనది. ఆమెకు ఒక పెద్ద ఆసుపత్రిలో సీనియర్ నర్సు పోస్టు దాదాపు ఖాయమైంది, ఇక్కడి నుంచి మంచి సర్వీసు సర్టిఫికెట్ ఒక్కటి తీసుకెళ్తే చాలు. ఇప్పుడు ఆమె మీద విచారణ. అజాగ్రత్త అని తేలితే ఆ మాట సర్టిఫికెట్‌లో పడుతుంది, ఆ పోస్టు పోతుంది. మా కంపెనీ నుంచి నన్నూ, నేర్పిన మనిషి కాబట్టి అక్కనూ రమ్మన్నారు. బయల్దేరేముందు మేనేజరు నన్ను పక్కకు పిలిచాడు. "సాఫ్ట్‌వేర్ డిజైన్ ప్రకారమే పనిచేసింది. అంతే చెప్పండి. ఎక్స్‌ట్రా ఏమీ వద్దు." అక్క రాసిన ఆ పరీక్ష కాగితం నా సంచిలోనే ఉంది. ఎందుకు తీసుకెళ్ళానో నాకే తెలియదు. చెప్పేద్దామనే అనుకున్నానేమో.

ముగ్గురు పెద్ద డాక్టర్లు, ఒక మేట్రన్. విచారణ కన్నడం, ఇంగ్లీషు కలిపి జరిగింది. మధ్యలో ఆ అమ్మాయి ఏడుపు ఆపుకోలేక అక్క వైపు తిరిగి తెలుగులో మొదలుపెట్టింది.

"ఆ కండక్టరు ఆయప్ప చెప్పినాడు మేడమ్. సల్ఫా పడదని చెప్పినాడు. నేను కొట్నాను. ఆయప్ప మొగం చూస్తానే కొట్నాను. పేరు కొట్టి ఎంటర్ కొట్నాను, వయసు కొట్టి ఎంటర్, సల్ఫా అని కొట్నాను. తల తిప్పి చూస్తే లిస్టులో ఆయప్ప పేరుండాది. సేవ్ అయిందనుకొంటి. ఎప్పుడూ కొట్టేదే కదా మేడమ్."

అక్క ఆ మాటలను వాళ్ళకు ఇంగ్లీషులో చెప్పింది, ఒక్కటి కూడా వదలకుండా. అధ్యక్షుడిగా ఉన్న పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి నన్ను అడిగాడు.

"ఈ స్క్రీను గురించి మీ కంపెనీలో ముందే ఎవరైనా అభ్యంతరం చెప్పారా?"

సంచి నా ఒళ్ళో ఉంది. అక్క నా వైపు చూసింది. కోపంగా కాదు. నేను తెలుగులో ఒక కష్టమైన మాట చదవబోతుంటే ఓపిగ్గా ఎదురుచూసేదే, అలా చూసింది. తను చెప్పొచ్చు. రాసింది తనే. చెబితే నా సంతకం బయటికి వస్తుంది, నా ఉద్యోగం పోతుంది. ఆ మాట నాకు వదిలేసింది.

"లేదు సార్" అన్నాను. "సిస్టమ్ స్టాండర్డ్ ప్రకారమే ఉంది."

ఆమె చూపు దించుకుంది. అధ్యక్షుడి వైపు తిరిగి, "తెర చూడకుండా పేషెంటు మొహం చూసి కొట్టమని నేర్పింది నేనే సార్. ఈ పిల్ల నేను చెప్పినట్టే చేసింది. తప్పుంటే నాది, ఆమెది కాదు" అంది.

అది దయగల మాటేగానీ కమిటీకి చాలలేదు. యంత్రం సరిగ్గా ఉందని కంపెనీవాడే చెప్పాక, చూసుకోవాల్సింది మనిషే కదా. ఆ అమ్మాయిని ఉద్యోగం నుంచి తీసేయలేదు. ఫైల్లో మాత్రం "అజాగ్రత్త" అని రాశారు. వార్డు నుంచి స్టోరుకు మార్చారు.

బయటికి వచ్చాక అక్క నా ముఖం చూసింది. "చెమట పట్టింది అబ్బాయ్, మొహం కడుక్కో" అంది. బస్సు వస్తే ఎక్కి వెళ్ళిపోయింది.

ఆ వారమే వార్డు స్క్రీన్లన్నిటిలో ఎంటర్‌ను పక్క గడికి మార్చాను. ఎంత సేపు పట్టిందని మీరు అడగాలి. ఒక్క పూట. టిఫిన్ తిని కూర్చుంటే భోజనం వేళకు అయిపోయింది. మేనేజరు గమనించనే లేదు, ఏ కస్టమరూ ఫోన్ చేయలేదు. ఆ నెలాఖరుకు నా ఉద్యోగం ఖాయమైంది. అదే నెలాఖరుకు అక్క రాజీనామా ఇచ్చింది. ఆమె చివరి రోజు మధ్యాహ్నం నేను ఒక మీటింగులో కూర్చున్నాను. నేను లేకపోయినా జరిగిపోయే మీటింగు అది. తిరిగి వచ్చేసరికి ఆమె బల్ల మీద ఏమీ లేదు. అంతకుముందు ఎప్పుడూ లేనంత శుభ్రంగా ఉంది.

ఆ తర్వాత నేను ఎన్నో స్క్రీన్లు చేయించాను. ఎదురు కుర్చీలో మనిషిని కూర్చోబెట్టి పరీక్ష చేయమంటే కుర్రవాళ్ళు చేసేవారు, సరదాగా. వాళ్ళలో ఎవరూ నా ముఖాన్ని అక్క చూసినట్టు చూడలేదు. అక్క ఎదుట దాదాపు పదేళ్ళు ఆ కుర్చీలో కూర్చుని, లేని నొప్పులన్నీ చెప్పుకున్నాను నేను. ఉన్న నొప్పులు కూడా చెప్పేవాణ్ణని ఆమె వెళ్ళాకే తెలిసింది. మా నాన్న పోయిన వారం కూడా ఆ కుర్చీలోనే కూర్చుని, తల నొప్పి అని చెబితే, ఆమె కొట్టడం ఆపేసి నా వైపే చూస్తూ ఉండిపోయింది. అలాంటి మనిషి మళ్ళీ తగల్లేదు.

అయిదారేళ్ళు గడిచాక మా పాత యజమాని దగ్గర ఆమె నంబరు దొరికింది. గుంటూరు పక్కనే నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెబుతోంది. మారతహళ్ళిలో నా ఫ్లాటు బాల్కనీలో నిలబడి ఫోన్ చేశాను.

"అక్కా, నేను."

"గొంతు తెలుస్తానే ఉంది అబ్బాయ్. ఇంకా ఉండాది అంటున్నావా?"

"అంటానే ఉండాను."

ఆమె నవ్వింది. పిల్లల గురించి అడిగింది. నా తెలుగు ఎంతవరకు వచ్చిందని అడిగింది. కాసేపటికి ధైర్యం తెచ్చుకున్నాను.

"ఆ పొద్దు నేను చెప్పాల్సింది చెప్పలేదక్కా. కాగితం నా సంచిలోనే ఉండె."

"నాకు తెలుసుగా. నాకెందుకు చెప్తావు ఇప్పుడు? ఆ పిల్లకి చెప్పావా?"

"లేదు."

అటు వైపు ఆమె కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు వినపడింది.

"నేను నీ మీద కోపంతో పోలేదు అబ్బాయ్. ఇవాళ పోయి చెప్తాడు, రేపు పోయి చెప్తాడు అని నెల రోజులు చూశాను. ఇంక చూడలేక వెళ్ళిపోయాను." తర్వాత మామూలు గొంతుతో, "క్లాసుంది, ఉంటాను" అంది.

ఆ అమ్మాయికి చెప్పిన తర్వాతే అక్కకు మళ్ళీ ఫోన్ చేయాలని పెట్టుకున్నాను. మర్నాడే ఆ ఆసుపత్రికి వెళ్ళాను. విచారణ జరిగిన రెండు నెలలకే ఆమె మానేసిందని చెప్పారు. పెద్ద ఆసుపత్రి పోస్టు రాలేదట. ముళబాగిలు దగ్గర ఒక చిన్న క్లినిక్‌లో ఉందంటే అక్కడికీ వెళ్ళాను. పెళ్ళయి వెళ్ళిపోయిందన్నారు. ఎక్కడికో వాళ్ళకు తెలియదు. ఆ తర్వాత వెతికాను, మానేశాను, మళ్ళీ వెతికాను. అక్కకు ఫోన్ చేయలేదు. ఆ నంబరు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

రిటైరై ఇంట్లో కూర్చున్నాక ఇక అచ్చులో చెప్పడం తప్ప దారి కనిపించలేదు. ఆ అమ్మాయి దీన్ని చదువుతుందో లేదో తెలియదు. మా పక్క చాలామందికి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం కన్నడమే. ఆమెను ఎరిగినవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ కింది నాలుగు ముక్కలు చదివి వినిపించండి.

అమ్మా, ఆ స్క్రీను తప్పని మాకు ముందే తెలుసు. పంపవద్దని చెప్పిన మనిషి ఉంది, ఆమె రాసిచ్చిన కాగితమూ ఉంది. కాదని సంతకం పెట్టింది నేను, ఎవరూ చెప్పలేదని కమిటీ ముందు అబద్ధమాడిందీ నేనే. మీరు ఆ పెద్దాయన మాట విన్నారు, సరిగ్గానే కొట్టారు. మీ ఫైల్లో రాసిన ఆ మాట నా ఫైల్లో రాయాల్సింది.